ఫ్యాను తిరుగుతున్నా చెమటలెందుకు?

మే నెలలో విజయవాడలో కరెంటు పోయిన రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టాయంటే కారణం వెతకనక్కర్లేదు. డిసెంబరులో, ఆదిలాబాద్ చలిలో, రగ్గు కప్పుకుని పడుకున్న మనిషి రాత్రి రెండింటికి లేచి తడిసిన బనియను విప్పి ఆరేస్తున్నాడంటే మాత్రం వెతకాల్సిందే. మనలో చాలామంది రాత్రులు ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటాయి. తికమకంతా అక్కడే.

మన ఇళ్లలో దీనికి ఒకటే జవాబు: "వేడి చేసింది." జవాబు ఒకటే కాబట్టి వైద్యమూ ఒకటే. సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాచిస్తారు, మాడుకు ఆముదం పెడతారు, రాత్రిపూట ఆవకాయ ముట్టుకోవద్దంటారు. వీటిలో చెడ్డదేమీ లేదు. పోయేదల్లా కాలం. వేడి తగ్గుతుందిలే అని మజ్జిగ తాగుతూ రెండు నెలలు గడిపిన మనిషికి లోపల క్షయ ఉంటే, ఆ రెండు నెలల్లో అది ఇంట్లో మరొకరికి అంటుకోవచ్చు. షుగరు మాత్ర మోతాదు ఎక్కువై చెమటలు పడుతున్న పెద్దాయనకు కావలసింది మజ్జిగ కాదు, మందుల చీటీలో మార్పు.

ఇంకో రకం వాళ్లున్నారు. ఫోన్‌లో వెతికి, క్యాన్సర్ అన్న మాట కనపడగానే గుండె జారిపోయి, ఆ భయానికి మర్నాటి రాత్రి ఇంకాస్త ఎక్కువ చెమట పట్టించుకునేవాళ్లు. వాళ్లు ముందు కుదుటపడాలి. రాత్రి చెమటలకు కారణం చాలాసార్లు పడకగదిలోనో, మాత్రల డబ్బాలోనో, వయసుతో వచ్చే మార్పులోనో దొరికిపోతుంది.

చెమట ఒక్కటే వచ్చిందా, వెంట ఇంకేమైనా వచ్చిందా అన్నది చూసుకోవాలి. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, గుండె దడ, మెడలో గడ్డ, ఈమధ్యే మొదలుపెట్టిన మాత్ర, ఈమధ్యే ఆగిన నెలసరి. చెమటను ఆపడం మీద కాక ఈ వెంట వచ్చినవాటి మీద కన్నేస్తే దారి దొరుకుతుంది.

ఎంత చెమటైతే పట్టించుకోవాలి? మెడ కింద కాస్త తడి, దిండు గలేబు కొంచెం చెమ్మగిల్లడం లెక్కలోకి రావు. గది చల్లగా ఉన్నా, కప్పుకున్నది పలచని దుప్పటే అయినా, లేచి బట్టలు మార్చుకోవాల్సి వస్తోందా? పక్క గుడ్డ తీసి వేరేది పరుచుకోవాల్సి వస్తోందా? అది వారంలో పలుమార్లు జరుగుతోందా? అయితే అది పట్టించుకోవాల్సిన చెమట. పిల్లల సంగతి వేరు. గాఢనిద్రలో పిల్లలకు తల తడిసిపోవడం మామూలే. పగలు ఆడుకుంటూ, తింటూ, బరువు పెరుగుతూ ఉంటే కంగారు అక్కర్లేదు. పాలు తాగేటప్పుడే చెమటలు కక్కుతూ, ఆయాసపడుతూ, మధ్యమధ్యలో వదిలేసే చంటిబిడ్డను మాత్రం గుండె పరీక్షకు చూపించాలి.

ముందు గదిని అనుమానించండి

రాత్రి నిద్రలో మన ఒంటి వేడి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ సెల్సియస్ దాకా తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో అన్నిటికంటే తక్కువ. ఆ తగ్గడానికి శరీరం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపుతుంది. అది చాలకపోతే చెమట పోస్తుంది. చర్మం మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉన్నాయి. వాటికి హుకుం ఇచ్చేది మెదడులోని హైపోథలామస్ అనే చిన్న భాగం. చల్లబరిచేది చెమట పుట్టడం కాదు, ఆరడం. కొత్తకుండలో నీళ్లు చల్లబడేది కూడా కుండ పైకి ఊరిన చెమ్మ గాలికి ఆరబట్టే. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటే కుండా చల్లబడదు, మనిషీ చల్లబడడు. కారిన చెమట కారినట్టే పక్కలోకి ఇంకుతుంది.

అందుకే కోస్తాలో ఉక్కపోతకు ఎయిర్ కూలర్ కొనడం డబ్బు దండగ. కరీంనగర్‌లోనో రామగుండంలోనో వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే కూలర్ మచిలీపట్నంలో మూసిన గదిలో పెడితే చెమ్మకు చెమ్మ తోడవుతుంది. తీరప్రాంతాల్లో కిటికీలు తెరిచి, గాలి అటూఇటూ ఆడేలా ఫ్యాను పెట్టుకోవడమే మేలు. ఏసీ ఉంటే 24 నుంచి 26 మధ్య పెట్టి, ఫ్యాను సన్నగా తిప్పుకోండి. పద్దెనిమిదికి దించి మీద రగ్గు కప్పుకుంటే, తెల్లారుజామున ఆ రగ్గు కిందే చెమట పడుతుంది.

డాబా ఇంట్లో పై అంతస్తులో పడుకునేవాళ్లకు మరో చిక్కు. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. వేసవికి ముందు డాబా మీద తెల్లసున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయిస్తే గది వేడి తేలిగ్గా తెలిసేంత తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ లెక్కతోనే.

ఇక పక్క. స్పాంజి పరుపు ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. రెక్సిన్ తొడుగైతే చెమటను పీల్చనే పీల్చదు. మనవాళ్లు మంచం మీద వేసుకున్న బూరుగుదూది పరుపు, నవారు మంచం, వట్టి చాప ఈ విషయంలో ఎంతో నయం. పరుపు మార్చే స్తోమత లేకపోతే దాని మీద మందపాటి నూలు దుప్పటి రెండు మడతలు వేసి చూడండి. పాలియెస్టర్ నైటీ, నైలాన్ టీషర్టు మానేసి నూలువి తొడగండి. పాత కాటన్ చీర, పాత లుంగీ ఉంటే కప్పుకోవడానికి వాటిని మించినవి లేవు. పదకొండింటికి బిర్యానీ తిని పదకొండున్నరకు పడుకుంటే, అరుగుదల పనితో ఒళ్లు వెచ్చబడుతుంది, పైగా గొంతులోకి పులితేన్పులు. భోజనానికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుంది. చన్నీళ్లు హాయిగా ఉంటాయి కానీ ఆ నాళాలను మూసేస్తాయి.

మందు కొట్టి పడుకున్న రాత్రి చెమట ఎందుకు పట్టిందని అడిగేవాళ్లకు జవాబు గ్లాసులోనే ఉంది. అయితే ఒక హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, దడ మొదలై, రెండు మూడు రోజుల్లో మతి తప్పి మాట్లాడటం, ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. మాన్పించాలనుకున్న ఇంటివాళ్లు గదిలో పెట్టి తాళం వేయకుండా డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఇవన్నీ సరిచేసి వారం రోజులు చూడండి. లేదా రెండు మూడు రాత్రులు చల్లగా ఉండే వేరే గదిలో పడుకోండి. అయినా బట్టలు తడుస్తున్నాయంటే తప్పు గదిది కాదు.

మాత్రల డబ్బా

షుగరు ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు రాత్రి నిద్రలో రక్తంలో చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే ఈ ప్రమాదం బహు తక్కువ. కానీ మన మందుల షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది మెట్‌ఫార్మిన్‌తో గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర. చీటీలో చిన్నగా ఉండే ఆ రెండో పేరు చూసుకోవాలి.

చక్కెర పడిపోయినప్పుడు శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చల్లటి చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, పీడకలలు అన్నీ దాని పనే. కొందరికి మెలకువ రాదు. ఉదయం తలనొప్పితో, తడిసిన బట్టలతో, ఎక్కడున్నామో తెలియని మబ్బుతో లేస్తారు. బీపీకో గుండెకో మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో దడ, వణుకు పైకి కనిపించవు. చెమట మాత్రం వాళ్లలోనూ పడుతుంది. అలాంటివారికి మిగిలిన ఒకే ఒక సంకేతం అదే కావచ్చు. అది కూడా "ఉక్కగా ఉందిలే" అని కొట్టిపారేస్తే ఇక దిక్కేముంది?

అర్ధరాత్రి మీ నాన్నగారు చెమటలు కారుతూ, తడబడుతూ లేచారనుకోండి. గ్లూకోమీటర్ ఉంటే చూడండి. లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూసి, తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక రెండు బిస్కెట్లో, కాస్త అన్నమో పెట్టండి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మాత్రలు కూడా వాడుతుంటే మామూలు చక్కెర త్వరగా ఒంటబట్టదు, వాళ్లకు గ్లూకోజు పొడి ఇవ్వాలి. ఆ డబ్బా ఇంట్లో ముందే ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు; ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి.

ఏకాదశి, శివరాత్రి ఉపవాసాల్లో ఇది ఎక్కువ. అన్నం మానేశారు, మాత్ర మానలేదు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడి ఆ రోజు మోతాదు ఎంతో తెలుసుకోవాలి. కిడ్నీలు బలహీనపడినవాళ్లలో మాత్ర ఒంట్లోంచి తొందరగా పోదు. పదేళ్లుగా సరిపోయిన మోతాదే ఇప్పుడు ఎక్కువవుతుంది. ఖాళీ కడుపుతో మద్యం తాగినా, కాలేయం నిల్వ చక్కెరను విడుదల చేయలేక ఇదే పరిస్థితి వస్తుంది. అనుమానం ఉంటే నాలుగైదు రాత్రులు రెండు మూడు గంటల మధ్య అలారం పెట్టుకుని చక్కెర చూసి రాసుకోండి. ఆ నాలుగు అంకెలు డాక్టరుకు నెల రోజుల వర్ణన కంటే ఎక్కువ పనికొస్తాయి.

షుగరు మందులు కాక చెమట పట్టించే వేరే మందులూ ఉన్నాయి. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి వాడేవాళ్లలో కొందరికి చెమటలు బాగా పడతాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ ఒంట్లో ఆవిర్లు తెస్తుంది. థైరాక్సిన్ మోతాదు ఎక్కువైనా అంతే. జ్వరానికి వేసుకున్న పారాసెటమాల్ పనిచేసేదే చెమట పట్టించి. మాత్ర వేసుకున్న గంటకు తడిశారంటే అది మందు పనిచేసిన గుర్తు. ఏ మందు వల్లనని అనుమానం కలిగినా మీకు మీరుగా ఆపేయవద్దు. దిగులు మాత్రలను హఠాత్తుగా ఆపితే అదో కొత్త తిప్పలు. మోతాదు తగ్గించడం, వేళ మార్చడం, వేరే మందుకు మారడం డాక్టరు చేతిలో ఉన్న పనులు.

నలభై దాటిన అమ్మలు, నిన్న కాన్పయిన అమ్మాయిలు

ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతుంటే ఆవిడ ఒక్కతే లేచి కిటికీ తెరుస్తుంది, ఫ్యాను పెంచుతుంది. భర్త చలికి దుప్పటి లాక్కుంటాడు. పొద్దున్నే "నీకేమైంది, రాత్రంతా లైటు వేస్తూ ఆర్పుతూ..." అని విసుక్కుంటాడు. ఆవిడకైనది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. ఛాతీలో మొదలైన వేడి మెడకు, ముఖానికి ఎగబాకి, ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో చెమటగా దిగిపోయి, ఆ వెంటనే వణుకు పుట్టించే ఆవిర్లవి. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి హైపోథలామస్ చాదస్తంగా తయారవుతుంది. ఒంటి వేడి కాస్త అటూఇటూ అయినా పెద్ద ప్రమాదం వచ్చినట్టు చెమట కురిపిస్తుంది.

మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46, 47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో 51. ఆగడానికి కొన్నేళ్ల ముందే ఆవిర్లు మొదలవుతాయి, చాలామందికి ఏడేళ్ల దాకా ఉంటాయి. "నాలుగు రోజులు ఓర్చుకో" అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఏడేళ్ల సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో ముఖం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఎక్కువైందనో, పిల్లలు పుట్టాక ఇక దాంతో పనేముందనో ముప్ఫయిల్లోనే తీయించేసుకున్నవాళ్లు ఊరూరా కనిపిస్తారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా, తీవ్రంగా వస్తాయి. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. ఆపరేషన్ అయిన చాలామందికి తమకు ఏది తీశారో, ఏది ఉంచారో తెలియదు. డిశ్చార్జి కాగితం బీరువాలోంచి తీసి డాక్టరుకు చూపించండి. 45 ఏళ్లలోపే అండాశయాలు పోయినవారికి, వద్దనే కారణం లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వడం వాడుక. చెమటల కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా.

హార్మోన్లంటే భయం ఎక్కడిది? 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బుల ముప్పు కనిపించి మధ్యలో ఆపేశారు. ప్రపంచమంతా బెదిరిపోయింది. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. 60 ఏళ్లలోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో హార్మోన్ల వల్ల మేలే ఎక్కువని తర్వాతి విశ్లేషణలు తేల్చాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డలు కట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయం చెడినవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు వీటికి దూరంగా ఉండాలి. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. హార్మోన్లు వద్దనుకుంటే వేరే మందులున్నాయి. పైన చెమటలు తెచ్చే మందుగా చెప్పిన వెన్లాఫాక్సిన్ తక్కువ మోతాదులో ఆవిర్లను తగ్గిస్తుంది. ఒంటి తీరు అలాంటిది. సోయా పొడులు, మూలికల డబ్బాల మీద డబ్బు పెట్టమని మాత్రం చెప్పలేను. నమ్మదగిన ఆధారం తక్కువ. ఒంటి బరువు తగ్గించుకోవడం, రాత్రి కాఫీ, కారం తగ్గించడం, ఆవిరి రాగానే నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీసుకోవడం చాలామందికి కొంత ఊరటనిస్తాయి.

బాలింతకు పట్టే చెమట వేరు. కాన్పు కాగానే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీరంతా మూత్రంగానూ చెమటగానూ బయటికి పోతుంది. మొదటి వారం, రెండు వారాల్లో ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. చిక్కేమిటంటే, మన ఆచారంలో ఆ అమ్మాయిని కిటికీలు మూసిన గదిలో, చెవుల్లో దూది పెట్టి, స్వెటరు తొడిగి, సాంబ్రాణి పొగలో కూర్చోబెడతాం. పైగా "నీళ్లు ఎక్కువ తాగకూడదు, పొట్ట పెరుగుతుంది" అంటాం. అత్తగారూ, అమ్మగారూ, మీకు దండం పెడతాను. ఒకవైపు చెమటగా నీరు పోతోంది, ఇంకోవైపు బిడ్డకు పాలు పడాలి. దాహమైనన్ని కాచి చల్లార్చిన నీళ్లు ఇవ్వండి, ఒక కిటికీ అయినా తెరవండి. కానీ చెమటతో పాటు 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం వచ్చినా, కింద దుర్వాసన వచ్చినా, రొమ్ము ఎర్రబడి నొప్పి పుట్టినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమట

ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అందుకే ఇంగ్లండులోని డాక్టరు రాత్రి చెమటలంటే ముందు ముట్లు ఆగడం గురించి అడిగితే, మన డాక్టరు ముందు దగ్గు గురించి అడగాలి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, అది దిగేటప్పుడు రాత్రి చెమట, రెండు వారాలు దాటిన దగ్గు, ఆకలి చచ్చిపోవడం, చొక్కా వదులవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను పసిగట్టడానికి అడగమన్న ప్రశ్నలు నాలుగే: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. దగ్గే లేకుండా మెడ గ్రంథుల్లోనో, వెన్నుపూసలోనో, పొట్టలోనో కూడా క్షయ దాగి ఉండగలదు. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు.

దగ్గు రెండు వారాలు దాటాక ఇంకో సీసా సిరప్ కొనకండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఏరియా ఆసుపత్రిలోనో కళ్లె పరీక్ష చేయించండి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపిస్తుంది. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాల మీద పరీక్ష కొన్ని గంటల్లో తేలుతుంది. ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసం నెలకు 500 రూపాయలు 2018 నుంచి ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు.

మందులు మొదలైన కొన్ని వారాలకే చెమటలు తగ్గుతాయి, ఆకలి పుడుతుంది. అసలు ప్రమాదం అప్పుడే. "తగ్గిపోయిందిగా" అని రెండో నెలలో మాత్రలు మానేసినవాళ్లకు ముదిరిన, మందుకు లొంగని క్షయ తిరిగి రావచ్చు. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉందని, ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాచిన జబ్బు ఇంట్లో వాళ్లకే ముందు అంటుతుంది.

చలితో వణికి, కాలిపోయే జ్వరం వచ్చి, చివర్లో చెమటలు కారి దిగిపోతే, అదీ రోజు విడిచి రోజు అయితే మలేరియా పరీక్ష చేయించాలి. మన్యం వెళ్లొచ్చినవాళ్లు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. పశువుల మధ్య పనిచేసేవాళ్లకు, పచ్చిపాలు తాగేవాళ్లకు వారాల తరబడి చెమట, కీళ్లనొప్పులతో వచ్చే బ్రూసెల్లోసిస్ ఉంది. హెచ్ఐవీ పరీక్ష అడిగితే డాక్టరు మీద కోపం తెచ్చుకోవద్దు. అది మీ నడవడి మీద అనుమానం కాదు, జాబితాలో ఉండాల్సిన పరీక్ష.

మిగిలినవి

బాగా తింటున్నా బరువు తగ్గుతూ, చేతులు వణుకుతూ, దడగా ఉంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందేమో. టీఎస్‌హెచ్ పరీక్ష చాలు. గోడలు అదిరే గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పగలు బస్సులో కూర్చోగానే కునుకు పట్టడం ఉంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు. వీళ్లలో రాత్రి చెమటలు మిగతావారి కంటే ఎంతో ఎక్కువ. గురకను మనం నవ్వులాటగా తీసుకుంటాం; గుండె అలా తీసుకోదు.

మెడలో, చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని గడ్డ కొన్ని వారాలైనా తగ్గకపోవడం, ఆరు నెలల్లో పది శాతం బరువు పోవడం, కారణం తెలియని జ్వరం చెమటతో కలిస్తే లింఫోమా ఉందేమో చూడాలి. మన దగ్గర అలాంటి గడ్డ క్షయదీ కావచ్చు; ముక్క తీసి పరీక్షిస్తే తప్ప తెలియదు. చూసి, నొక్కి, "ఇది క్షయే" అని మందులు మొదలుపెడితే, పరీక్ష చేయించమని మీరే అడగండి.

పరీక్షలన్నీ బాగున్నాయి, అయినా గుండె దడదడలాడుతూ, చావు దగ్గరికొచ్చినట్టు భయంతో, తడిసి లేస్తున్నారంటే అది నిద్రలో వచ్చే పానిక్ కావచ్చు. అప్పుల ఒత్తిడి, పరీక్షల భయం, ఇంట్లో ఎవరో పోయిన దుఃఖం పగలు నవ్వుతూ తిరిగినా రాత్రి ఒంట్లో బయటపడతాయి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి ఇది తగిన కారణమే.

ఒక్కటి మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం, దాంతో చల్లటి చెమట. షుగరు ఉన్నవాళ్లలో, పెద్దవయసు ఆడవాళ్లలో నొప్పి లేకుండా చెమట, ఆయాసం, వాంతి మాత్రమే ఉండొచ్చు. "గ్యాసేమో, సోడా తాగుదాం" అని తెల్లారేదాకా చూడవద్దు. 108.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలతో మొదలుపెట్టకండి. అరవై పరీక్షల్లో ఏదో ఒకటి కాస్త తేడాగా వస్తుంది, దాని వెంట పడి అసలు సంగతి మరుస్తారు. దానికంటే ఒక చిన్న పుస్తకం, ఒక థర్మామీటర్ మేలు. రెండు వారాలు రాయండి: ఏ రాత్రి తడిశారు, ఎన్నింటికి, బట్టలు మార్చుకోవాల్సి వచ్చిందా, లేచిన వెంటనే జ్వరం ఎంత, రాత్రి ఏం తిన్నారు, తాగారా, షుగరు ఉంటే అప్పుడు చక్కెర ఎంత. ఆడవాళ్లయితే నెలసరి తేదీ. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు బరువు. జ్వరం, బరువు తగ్గడం, గడ్డ, రక్తం పడే దగ్గు వీటిలో ఏదైనా కనిపిస్తే ఈ రెండు వారాలు ఆగనక్కర్లేదు, వెంటనే వెళ్లండి.

ముందు మామూలు జనరల్ ఫిజీషియన్ చాలు. ఆయన ఒళ్లు, మెడ, చంకలు తడిమి చూసి, మామూలుగా రక్తకణాల లెక్క, చక్కెర, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే కళ్లె, హెచ్ఐవీ పరీక్షలు రాస్తారు. ఇంట్లో మీరు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. బీపీవి, షుగరువి, నిద్ర మాత్రలు, ఆయుర్వేదం గుళికలు, కీళ్లనొప్పులకు పేరు లేని పొట్లాల్లో ఎవరో ఇచ్చిన పొడి, అన్నీ. ఆ పొట్లం చూపించడానికి మొహమాటపడకండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండటం అరుదేమీ కాదు, అదీ చెమటలు పట్టిస్తుంది.